కాలేజీల దారిలో ఓటు

ఉప్పల్ నుంచి వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి మీద బోడుప్పల్, నారపల్లి, జోడిమెట్ల దాటితే పోచారం, అన్నోజిగూడ వస్తాయి. ఆ పైన యంనంపేట, ఘట్‌కేసర్. దారి పొడవునా, దారి నుంచి లోపలికి తిరిగిన ప్రతి మలుపు దగ్గరా ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు కనిపిస్తాయి. యంనంపేటలో 1997లో మొదలైన శ్రీనిధి, వెంకటాపూర్‌లో అనురాగ్, అంకుశాపూర్‌లో ఏస్, ఔషాపూర్‌లో విజ్ఞాన భారతి ఉన్నాయి. పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం ఉంది. ఉదయం ఎనిమిదింటికి ఈ రోడ్డు మీద పసుపు రంగు కాలేజీ బస్సులదే రాజ్యం. రాష్ట్రంలో ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని కాలేజీలున్న ప్రాంతాలు కొన్నే. అయితే ఇక్కడి ఓటు పదిహేనేళ్లలో ఎన్ని దిక్కులకు తిరిగిందో, అందులో కాలేజీల పాత్ర ఎంతో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

అన్నోజిగూడ ఘట్‌కేసర్ మండలంలో ఉంది. శాసనసభకు మేడ్చల్ నియోజకవర్గం కింద, లోక్‌సభకు మల్కాజిగిరి కింద వస్తుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది రంగారెడ్డి జిల్లా, ఆ తర్వాత మేడ్చల్–మల్కాజిగిరి. మల్కాజిగిరి పేరుతో లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనలో పుట్టింది. మేడ్చల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్, సికింద్రాబాద్ కంటోన్మెంట్ అనే ఏడు శాసనసభ స్థానాలు దాని కింద ఉన్నాయి. ఓటర్ల సంఖ్యలో ఇది దేశంలోనే అతి పెద్ద లోక్‌సభ స్థానం. 2019లో ఓటర్లు 31 లక్షలకు పైగా ఉంటే 2024 నాటికి 37 లక్షలు దాటారు.

దేశాన్ని ఎవరు నడపాలో తేల్చే ఓటుకు అమెరికాలో అధ్యక్ష ఎన్నిక ఉంది, మన దగ్గర లోక్‌సభ ఎన్నిక ఉంది. మన రాష్ట్రపతిని ఎంపీలు, ఎమ్మెల్యేలే ఎన్నుకుంటారు. 2022 రాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132, ఎంపీ ఓటు విలువ 700. అప్పటి మేడ్చల్ ఎమ్మెల్యే మల్లారెడ్డి పార్టీ టీఆర్‌ఎస్, మల్కాజిగిరి ఎంపీ రేవంత్‌రెడ్డి పార్టీ కాంగ్రెస్. ఇక్కడ ఒకదానితో ఒకటి తలపడే ఈ రెండు పార్టీలూ ఆ ఎన్నికలో యశ్వంత్ సిన్హానే బలపరిచాయి. కాబట్టి అన్నోజిగూడ ఓటరు మనసు చూడాలంటే లోక్‌సభ లెక్కలే చూడాలి.

అమెరికాలో కాలేజీలు ఎక్కువగా ఉన్న కౌంటీల ఓటు మీద అక్కడ చాలాకాలంగా చర్చ నడుస్తోంది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. చదువుకునే ఊళ్లోనే ఓటు నమోదు చేసుకునే హక్కు కోసం టెక్సాస్‌లోని వాలర్ కౌంటీలో ప్రెయిరీ వ్యూ విద్యార్థులు కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 1979లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వాళ్లకు అనుకూలంగా వచ్చింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఉన్న డేన్ కౌంటీలో, మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న వాష్టెనా కౌంటీలో ఇప్పుడు అధ్యక్ష ఎన్నికల్లో మూడింట రెండొంతులకు పైగా ఓట్లు డెమొక్రాట్లకే పడుతున్నాయి. కాలేజీ ఉన్న ప్రతిచోటా ఇలాగే జరుగుతుందనుకోవడం మాత్రం పొరపాటు. టెక్సాస్ ఏ అండ్ ఎం ఉన్న బ్రాజోస్ కౌంటీ రిపబ్లికన్ల వైపే నిలబడుతోంది. మన పిల్లలు ఎంఎస్ కోసం వెళ్లే ఊళ్లలో ఇవీ ఉన్నాయి. అక్కడి కాలేజీ కౌంటీల ఓటును విద్యార్థులు, అధ్యాపకులు, వాళ్ల చుట్టూ పెరిగిన ఉద్యోగ వర్గం కలిసి మార్చారు. అన్నోజిగూడ చుట్టుపక్కల కాలేజీల ప్రభావం ఇంకో దారిన వచ్చింది.

పునర్విభజనకు ముందు మేడ్చల్ అంటే తెలుగుదేశం, తెలుగుదేశం అంటే దేవేందర్‌గౌడ్. 1994, 1999, 2004లో ఆయనే వరసగా గెలిచారు, చంద్రబాబు ప్రభుత్వంలో హోంమంత్రిగా పనిచేశారు. 2008లో తెలంగాణ విషయంలో పార్టీతో విభేదించి బయటికొచ్చి నవ తెలంగాణ పార్టీ పెట్టారు, తర్వాత దాన్ని ప్రజారాజ్యంలో కలిపేశారు. 2009లో కొత్తగా ఏర్పడిన మల్కాజిగిరి లోక్‌సభకు ప్రజారాజ్యం తరఫున నిలబడితే మూడో స్థానం దక్కింది. కాంగ్రెస్ అభ్యర్థి సర్వే సత్యనారాయణ తెలుగుదేశం అభ్యర్థి భీంసేన్ మీద 93 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. బీజేపీ తరఫున నల్లు ఇంద్రసేనారెడ్డికి వచ్చినవి లక్షా 30 వేల పైచిలుకు ఓట్లు. ఆ ఏడాది కాంగ్రెస్ గాలికి వైఎస్ రాజశేఖరరెడ్డి పథకాలు తోడయ్యాయి. 2008లో విస్తరించిన బోధనా రుసుముల చెల్లింపు వాటిలో ఒకటి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో సీట్లు నిండడానికి, ఘట్‌కేసర్ చుట్టూ కొత్త భవనాలు లేవడానికి ఆ పథకం తోడ్పడింది. అదే ఎన్నికలో ఇదే లోక్‌సభ పరిధిలోని కూకట్‌పల్లి లోక్‌సత్తా నేత జయప్రకాశ్ నారాయణను శాసనసభకు పంపింది. చదువుకున్న మధ్యతరగతి అలవాటైన పార్టీలను దాటి చూడగలదని అప్పుడే తేలింది.

ఆ తర్వాతి ఐదేళ్లు తెలంగాణ ఉద్యమానివి. 2009 నవంబరు, డిసెంబరు నెలల్లో ఉస్మానియా ప్రాంగణం అట్టుడికింది. ఉప్పల్ నుంచి ఆ ప్రాంగణం ఉన్న తార్నాక ఎంతో దూరం లేదు. ఆ ఉద్యమానికి ప్రాణం పోసింది విశ్వవిద్యాలయ విద్యార్థులే. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో మాత్రం హాజరు, ఇంటర్నల్ మార్కులు, ప్లేస్‌మెంట్ల లెక్కే ముందుంటుంది, విద్యార్థి సంఘాలకు లోపలికి దారి ఇరుకు. తెలంగాణ చరిత్రలో కాలేజీ రాజకీయం అనగానే మనసులో మెదిలేది ఉస్మానియా. అన్నోజిగూడ దారిలోని కాలేజీలది వేరే కథ, దాన్ని వేరుగానే చదవాలి.

2014 ఏప్రిల్ 30న తెలంగాణ ప్రాంతంలో పోలింగ్ జరిగింది. కోస్తా, రాయలసీమల్లో మే 7న. రాష్ట్రమంతా ఉద్యమ పార్టీ వైపు మొగ్గుతున్న ఆ రోజుల్లో మల్కాజిగిరి తెలుగుదేశం అభ్యర్థి చామకూర మల్లారెడ్డిని గెలిపించింది. తెలంగాణలోని 17 లోక్‌సభ స్థానాల్లో తెలుగుదేశం గెలిచింది ఇదొక్కటే. ఆయనకు 5 లక్షల 23 వేలు, టీఆర్‌ఎస్ అభ్యర్థి మైనంపల్లి హనుమంతరావుకు 4 లక్షల 95 వేలు వచ్చాయి, తేడా సుమారు 28 వేలు. బరిలో ఉన్న మిగతావాళ్లూ సామాన్యులు కారు. సిటింగ్ ఎంపీ సర్వే, లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ, వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున మాజీ డీజీపీ దినేశ్‌రెడ్డి తలా లక్షకు పైగా ఓట్లు చీల్చుకున్నారు. మొత్తం మీద చూస్తే మల్లారెడ్డికి పడింది మూడింట ఒక వంతు ఓటు. అప్పటి బీజేపీ పొత్తు, కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా స్థిరపడ్డ ఆంధ్ర ప్రాంతపు కుటుంబాల మద్దతు ఆయన్ను గట్టెక్కించాయి. అదే రోజు శాసనసభకు తెలుగుదేశం కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్, కంటోన్మెంట్ గెలుచుకుంది. ఉప్పల్ బీజేపీ నేత ఎన్‌వీఎస్‌ఎస్ ప్రభాకర్‌కు దక్కింది. మల్కాజిగిరి, అన్నోజిగూడ ఉన్న మేడ్చల్ మాత్రం టీఆర్‌ఎస్‌ను ఎంచుకున్నాయి. నగరపు అంచున ఉన్న పల్లెలు ఉద్యమంతో, లోపలి కాలనీలు చాలావరకు సైకిలుతో నడిచాయన్నమాట.

మల్లారెడ్డి గెలుపుతో కాలేజీకి రాజకీయంలో ఉన్న అసలు స్థానం బయటపడింది. పాల వ్యాపారంతో మొదలుపెట్టి కాలేజీలు కట్టానని ఆయన సభల్లో చెప్పుకుంటారు. మైసమ్మగూడ, దూలపల్లి, సూరారం ప్రాంతాల్లో ఆయన పేరుతో ఇంజినీరింగ్, వైద్య కళాశాలలున్నాయి. 2016లో ఆయన టీఆర్‌ఎస్‌లో చేరారు. 2018 డిసెంబరులో మేడ్చల్ ఎమ్మెల్యేగా సుమారు 88 వేల ఆధిక్యంతో గెలిచి, మరుసటి ఏడాది మంత్రయ్యారు. 2019లో మల్కాజిగిరి లోక్‌సభ టికెట్ ఆయన అల్లుడు మర్రి రాజశేఖర్‌రెడ్డికి దక్కింది. అనురాగ్ సంస్థల అధినేత పల్లా రాజేశ్వర్‌రెడ్డి 2015లో, 2021లో వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల స్థానం నుంచి మండలికి ఎన్నికయ్యారు, 2023లో జనగామ ఎమ్మెల్యే అయ్యారు. కాలేజీ ఘట్‌కేసర్‌లో, ఓట్లు జనగామలో. ఇక్కడి ప్రాంగణాల్లో చదివి బయటికెళ్లిన పట్టభద్రులు ఆ మూడు జిల్లాల నిండా ఉన్నారు. ఈ దారిలోని కాలేజీ తన విద్యార్థుల ఓటుతో కంటే తన యజమాని స్థాయితో, చుట్టూ పెంచిన భూమి ధరతో, కల్పించిన ఉపాధితో రాజకీయాన్ని ఎక్కువగా కదిలించింది. ఈ తేడాను పక్కన పెట్టి అమెరికా కౌంటీలతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

మరి విద్యార్థుల ఓటు ఎక్కడ పడుతోంది? జవాబు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దొరుకుతుంది. పోలింగుకు ముందురోజు మధ్యాహ్నం నుంచే హన్మకొండ, జనగామ, తొర్రూరు బస్సుల కోసం వీపున బ్యాగులతో గుంపులు నిలబడతాయి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టేస్తారు. నారపల్లి, అన్నోజిగూడ, ఘట్‌కేసర్ స్టాపులకు వచ్చేసరికి ఆ బస్సుల్లో కాలు పెట్టే సందుండదు, మెట్ల మీద వేలాడుతూనో, దొరికిన కారు పట్టుకునో పోతారు. వాళ్లలో చాలామంది ఓటు ఊళ్లోనే ఉంది. పద్దెనిమిది నిండగానే అమ్మానాన్నల చిరునామాతో పేరు ఎక్కింది, నాలుగేళ్ల చదువుకోసం దాన్ని మార్చుకునే అవసరం కనిపించలేదు. సర్పంచి ఎన్నిక, ఎమ్మెల్యే ఎన్నిక, ఇంట్లోవాళ్ల మాట అన్నీ అక్కడే. కాలేజీ ఊరు వాళ్లకు బస మాత్రమే.

చట్టం మాత్రం ఆ దారి మూయలేదు. 61వ రాజ్యాంగ సవరణతో మన దగ్గర ఓటు వయసు 1989 నుంచి 18 అయింది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటరు సాధారణంగా నివసించే చోటే ఓటు, ఒకరికి ఒకచోటే ఓటు. హాస్టల్లోనో గదిలోనో ఉండి చదివే విద్యార్థి తల్లిదండ్రుల దగ్గరే పేరు ఉంచుకోవచ్చు, లేదా కాలేజీ అధిపతి ధ్రువీకరణతో హాస్టల్ చిరునామాకు మార్చుకోవచ్చు. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే, ఏడాదంతా ఆగాల్సిన పని లేదు. ఎన్నికల సంఘం అవగాహన సభలు కాలేజీ ప్రాంగణాల్లో జరుగుతూనే ఉంటాయి. అయినా హాస్టల్ చిరునామాతో ఓటు వేయాలన్న పట్టుదల ఇక్కడ ఉద్యమంగా మారలేదు. మారి ఉంటే నాలుగైదు పోలింగ్ బూత్‌ల ఫలితం ఏటికేడు తరగతి మారినట్టు మారిపోయేది. రోడ్లు, హాస్టళ్ల రేట్లు, రాత్రి బస్సులు వంటి విద్యార్థుల గోడుకు స్థానిక నాయకులు చెవి ఒగ్గక తప్పేది కాదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు.

అద్దె ఇళ్లవాళ్ల ఓటుకు ఇంకో కష్టం ఉంది. 2018 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఎంతోమంది పోలింగ్ బూత్ దాకా వెళ్లి జాబితాలో తమ పేరు లేదని తెలుసుకుని వెనుదిరిగారు. దానికి రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఇల్లు మారినప్పుడల్లా పేరు జారిపోయే ఈ శివార్లలో పోలింగ్ శాతం తగ్గడానికి బద్ధకాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు.

2018 శాసనసభ ఎన్నికల్లో ఏడు స్థానాల్లో ఆరు టీఆర్‌ఎస్‌కు పోయాయి. కాంగ్రెస్‌కు మిగిలింది ఎల్బీనగర్ ఒక్కటే. మహాకూటమిలో భాగంగా తెలుగుదేశం ఉప్పల్‌లో దేవేందర్‌గౌడ్ కుమారుడు వీరేందర్‌గౌడ్‌ను, కూకట్‌పల్లిలో నందమూరి సుహాసినిని నిలబెట్టి రెండుచోట్లా ఓడింది. నాలుగు నెలలకే, 2019 ఏప్రిల్ 11న, అదే ఓటర్లు అదే లోక్‌సభ పరిధిలో టీఆర్‌ఎస్‌ను ఓడించారు. కొడంగల్‌లో ఓడి వచ్చిన రేవంత్‌రెడ్డికి 6,03,748 ఓట్లు, మర్రి రాజశేఖర్‌రెడ్డికి 5,92,829. తేడా 10,919. బీజేపీ అభ్యర్థి రామచందర్‌రావు 3 లక్షల 4 వేలు తెచ్చుకున్నారు. తెలుగుదేశం ఆ ఏడాది తెలంగాణలో లోక్‌సభకు పోటీ చేయలేదు. 2017 దాకా ఆ పార్టీలోనే ఉన్న రేవంత్‌కు పాత సైకిల్ ఓటు కలిసొచ్చిందనడం సహేతుకమే. ప్రశ్నించే గొంతుగా తనను పంపమన్న ఆయన ప్రచారం చదువుకున్న యువతకు బాగా పట్టింది. ఆ పదకొండు వేల ఓట్లు ఎటో పోయి ఉంటే తర్వాతి రాష్ట్ర చరిత్ర ఇలాగే నడిచేదా అన్నది ఆలోచించదగ్గ విషయం. ఆయన 2021లో పీసీసీ అధ్యక్షుడయ్యారు, 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

2019 పోలింగ్ రోజు గురించి ఇంకో సంగతీ ఉంది. 2014లో రెండు ప్రాంతాల పోలింగ్ తేదీలు వేరు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఏప్రిల్ 11నే, 2024లో రెండు రాష్ట్రాల్లోనూ మే 13నే. ఆంధ్ర మూలాలున్న కుటుంబాలు ఏదో ఒక చోటునే ఎంచుకోవాల్సి వచ్చింది. పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ వైపు వాహనాలు బారులు తీరాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం దాటి పోలింగ్ జరిగింది, మల్కాజిగిరిలో 50.78 శాతం. 2019లోనైతే 49.63 మాత్రమే. వరంగల్ రోడ్డు మీదే ఘట్‌కేసర్ దాటి బీబీనగర్‌లో అడుగుపెడితే భువనగిరి లోక్‌సభ స్థానం. అక్కడ 2024లో 76.78 శాతం పోలైంది, రాష్ట్రంలో అదే అత్యధికం. ఒకే రోడ్డు మీద పక్కపక్క ఊళ్లు రెండు రకాలుగా ఓటేస్తున్నాయి. సొంతూరి ఓటు బరువు, బస చేసిన ఊరి ఓటు బరువు ఎంత వేరో ఈ రెండు అంకెల్లో కనిపిస్తుంది.

2019 తర్వాత బీజేపీ ఎదుగుదల మెట్టు మెట్టుగా జరిగింది. 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లలో 48 గెలుచుకుంది, ఎల్బీనగర్ వైపు దాదాపు ఊడ్చేసింది. 2022 జనవరి మొదటి వారంలో ఆర్‌ఎస్‌ఎస్, దాని అనుబంధ సంస్థల అఖిల భారత సమన్వయ సమావేశానికి అన్నోజిగూడే వేదికైంది. మోహన్ భాగవత్ సహా సంఘ్ అగ్రనేతలు హాజరయ్యారు. ఓట్లకు, అలాంటి సమావేశానికి సూటి లంకె వేయలేం గానీ, నగర తూర్పు శివార్లలో ఆ సంస్థల పునాది ఎంత గట్టిదో దాన్నిబట్టి తెలుస్తుంది.

2023 నవంబరు 30న శాసనసభకు ఓటేసినప్పుడు రాష్ట్రం కాంగ్రెస్‌కు పట్టం కడితే, మల్కాజిగిరి పరిధిలోని ఏడుకు ఏడు స్థానాలూ బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్‌ఎస్‌ను గెలిపించాయి. మేడ్చల్‌లో మల్లారెడ్డి 33,419 ఓట్ల ఆధిక్యంతో నిలబడ్డారు, మల్కాజిగిరి శాసనసభ స్థానం ఆయన అల్లుడికి దక్కింది. ఐటీ కొలువులు, ఫ్లైఓవర్లు, పెరిగిన ప్లాట్ల ధరలు చేతికందిన ఓటరు ఉన్న ప్రభుత్వాన్నే కోరుకున్నాడు. ఐదున్నర నెలలకు అదే బీఆర్‌ఎస్ లోక్‌సభ పోటీలో మూడో స్థానానికి పడిపోయింది. హుజూరాబాద్, గజ్వేల్ రెండుచోట్లా ఓడి వచ్చిన ఈటల రాజేందర్ బీజేపీ తరఫున 9,91,042 ఓట్లు తెచ్చుకున్నారు. కాంగ్రెస్ అభ్యర్థి పట్నం సునీతా మహేందర్‌రెడ్డికి 5,99,567, బీఆర్‌ఎస్ అభ్యర్థి రాగిడి లక్ష్మారెడ్డికి 3,00,486. ఆధిక్యం 3,91,475. పోలైన ఓట్లలో సగానికి పైగా ఒకే అభ్యర్థికి రావడం ఈ స్థానంలో అదే మొదటిసారి.

2009లో లక్షా 30 వేలున్న బీజేపీ ఓటు పదిహేనేళ్లలో పది లక్షల అంచుకు చేరింది. కాంగ్రెస్ మాత్రం 2019లో గెలిచినప్పుడు ఎన్ని ఓట్లు తెచ్చుకుందో 2024లో ఓడినప్పుడూ దాదాపు అన్నే తెచ్చుకుంది. కరిగింది బీఆర్‌ఎస్ ఓటు. అందులో పెద్ద భాగం కమలానికి మళ్లిందని, కొత్తగా చేరిన ఓటర్లూ అటే మొగ్గారని ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. ఢిల్లీకి మోదీ, రాష్ట్రానికి కేసీఆర్ అన్న విభజన ఈ శివారు ఓటరు మనసులో చాలాకాలంగా ఉంది. 2023లో రెండో సగం చెదిరాక మొదటి సగానికి అడ్డు లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలవడం స్థిరపడ్డ కుటుంబాలకు ఆ దారిని ఇంకాస్త సుగమం చేసింది.

చదువుకున్నవాళ్ల ఓటును విడిగా చూపించే గీటురాయి ఒకటి ఉంది, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రులు 2009లో ప్రొఫెసర్ నాగేశ్వర్‌ను ఎన్నుకున్నారు, 2015లో బీజేపీ నేత రామచందర్‌రావును, 2021లో టీఆర్‌ఎస్ తరఫున పీవీ నరసింహారావు కుమార్తె సురభి వాణీదేవిని. మూడుసార్లు మూడు రకాల మనుషులు. డిగ్రీ ఉన్నంత మాత్రాన ఒక పార్టీకి కట్టుబడతారని అనుకోవడానికి ఇక్కడ ఆధారం లేదు.

ముందున్న పెద్ద మార్పు సరిహద్దులది. 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా రాష్ట్రాలవారీ లోక్‌సభ స్థానాల సంఖ్య మారదు. ఆ లెక్కలతో పునర్విభజన జరిగినప్పుడు 37 లక్షల ఓటర్లున్న స్థానం ఇలాగే ఉండటం కష్టం. ఉప్పల్ రింగు రోడ్డు నుంచి ఘట్‌కేసర్ దాకా ఉన్న కాలేజీల దారి ఇప్పుడు ఉప్పల్, మేడ్చల్ శాసనసభ స్థానాల మధ్య చీలి ఉంది. మేడ్చల్ ఒక్కదానిలోనే ఓటర్లు ఆరు లక్షలు దాటారు. కొత్త గీతలు ఈ దారిని ఒకే నియోజకవర్గంలోకి తెస్తే హాస్టళ్లు, పీజీలు, కాలేజీ సిబ్బంది కాలనీలు ఒక్కచోట చేరతాయి. అప్పుడు విద్యార్థుల్లో ఎందరు ఫారం 8 నింపి ఓటు ఇక్కడికి మార్చుకుంటారన్న దాని మీదే అన్నోజిగూడ బూత్‌ల తర్వాతి లెక్క ఆధారపడి ఉంటుంది.